త్రిశూలి నీళ్లలో ప్రమాణం

నీళ్లలో ఒక మనిషి చెయ్యి చాచి బతిమాలుతుంటే, తెడ్డు అందించినట్టే అందించి వెనక్కి లాక్కున్నదాన్ని నేను. దీనికి నన్ను ఎవరేమనుకున్నా నాకు లెక్క లేదు. అనుకునే ముందు సంగతి వినండి.

నూజెండ్లలో మాకు విత్తనాలు, పురుగుమందుల షాపు. మా ఆయన వెంకటకృష్ణయ్య ముప్పై ఏళ్లు నడిపాడు. మాటలో తేడా రానిచ్చిన మనిషి కాదు. మూడేళ్ల కిందట నరసరావుపేట డీలరు ప్రభాకరరావు "కొత్త రకం మిరప, నీ కోసం తీసిపెట్టా బావా" అంటూ కంపెనీ పేరు లేని ప్యాకెట్లు అంటగట్టాడు. బిల్లు ఇవ్వలేదు. మా ఆయన అడగలేదు. మా వ్యాపారాల్లో ఇదొక జబ్బు. తెలిసినవాణ్ణి బిల్లు అడిగితే వాణ్ణి దొంగ అన్నట్టు.

చెట్లు నడుమెత్తు పెరిగాయి. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. రైతులు ఊరుకుంటారా? చెట్లు పీక్కొచ్చి షాపు ముందు కుప్ప పోశారు. పుల్లారావు అనే రైతు వాటినే పురికొసతో దండ కట్టి మా ఆయన మెడలో వేశాడు. కబురు పెడితే వచ్చిన ప్రభాకరరావు మా షాపు అరుగు మీదే నిలబడి, "ఆ ఇత్తనం నా గోడౌను గడప దాటలేదు. కోటప్పకొండ సామి మీద ప్రమాణం" అన్నాడు. ఆ దండతోనే మా ఆయన అలా నిలబడిపోయాడు. నలభై రోజుల్లో పోయాడు. డాక్టర్లు గుండెపోటు అన్నారు. ఏ పోటో నాకు తెలుసు.

ఆ దండను నేను పారెయ్యలేదు. గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. అది చేరాల్సిన మెడకు చేరేదాకా ఆయన ఫోటోకు పూలదండ వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాను. "ఫోటో బోసిగా ఉందత్తయ్యా" అని మా కోడలు కీర్తి అన్నప్పుడల్లా, "ఉండనియ్యి" అనేదాన్ని.

షాపు నేనే నడిపాను. జనం మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. పుల్లారావు మాత్రం గడప తొక్కలేదు. ఈ ఏడు టార్గెట్ దాటానని మందుల కంపెనీ వాళ్లు నేపాల్ టూరు ఇచ్చారు. డీలర్లతో పాటు మంచి దిగుబడి తీసిన రైతులను కూడా తీసుకెళ్తారు. బస్సెక్కి చూద్దును కదా, ముందు సీట్లో ప్రభాకరరావు, వెనక సీట్లో పుల్లారావు. ఆ దేవుడే ఇద్దరినీ ఒక బస్సులో కూర్చోబెట్టాడు అనుకున్నాను.

నేపాల్ చేరిన మూడో రోజు త్రిశూలి నది మీద రాఫ్టింగ్ అన్నారు. గాలి నింపిన రబ్బరు పడవలు, తలా ఒక తెడ్డు, తలా ఒక లైఫ్ జాకెట్. కీర్తి బలవంతాన పెట్టి పంపిన చుడీదారు అప్పుడు పనికొచ్చింది. మా పడవలో నేను, ప్రభాకరరావు, పుల్లారావు, బొల్లాపల్లి రైతులు ఇద్దరు, నేపాలీ గైడు. గైడు హిందీలో జాగ్రత్తలు చెప్పాడు. పక్కింటి సుల్తానా పుణ్యమా అని నాకు హిందీ మంచినీళ్ల ప్రాయం. పెద్ద ఉరవడి దాటాక నది నెమ్మదిస్తుంది, ఎడమ పక్క ఇసుక మేట, నడుములోతే ఉంటుంది, పడినా జాకెట్ మునగనివ్వదు, భయపడొద్దు అన్నాడు. ఆ సమయంలో ప్రభాకరరావు ఫోన్లో గుమస్తాను తిడుతున్నాడు.

"ఏందంట చెల్లెమ్మా?" అన్నాడు ఫోను పెట్టేసి.

"గట్టిగా పట్టుకోమంటన్నాడు అన్నయ్యా."

అప్పటికి నా మనసులో ఏమీ లేదు. లేదనే అనుకుంటున్నాను.

ఉరవడిలోకి దిగగానే నీళ్లు తెల్లగా లేచి మొహాన కొట్టాయి. పడవ ముక్కు పైకి లేచింది, పక్కకు ఒరిగింది, మళ్లీ దబ్బున పడింది. కళ్లు తుడుచుకుని చూస్తే నా పక్కన ప్రభాకరరావు లేడు. గైడు పడవను ఎడమ పక్క నెమ్మది నీళ్లలోకి తిప్పాడు. అక్కడ తేలుతున్నాడు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ.

గైడు నవ్వుతూ హిందీలో అరిచాడు, లేచి నిలబడమని.

"ఏమంటన్నాడమ్మా వాడు?"

"అడుగున సుడి ఉందంట అన్నయ్యా. కాలు దించితే లాగేసుద్దంట."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో గానీ, వచ్చాక చానా హాయిగా అనిపించింది. తెడ్డు చాచాను. వాడి వేళ్లు తగిలేలోపు వెనక్కి తీశాను.

"ఆ మిరప ఇత్తనం ఎవరిది?"

"ఇప్పుడా అడిగేది? నీ కాళ్లు పట్టుకుంటా, తెడ్డియ్యి."

"ఇప్పుడే. ఇది త్రిశూలి. ఈ నీళ్లు కూడా శివుడియ్యే. ప్రమాణానికి కోటప్పకొండ దాకా పోవాల్సిన పని లేదు."

పుల్లారావు తన తెడ్డు చాచబోయాడు. "చస్తాడక్కా."

"చావడు. నువ్వు చెవులు మాత్రం తెరుచుకో."

ప్రభాకరరావు నోట్లోకి నీళ్లు పోయాయి. దగ్గాడు, ఉమ్మాడు, ఏడ్చాడు. "నాదే. మిర్చి యార్డులో కొన్న ఎండుకాయల్లోంచి తీసిన ఇత్తనం. రంగు పూసి ప్యాకెట్లు కట్టించా. కృష్ణయ్యకి ఏం తెలవదు. రైతులు నా మీద పడతారని అబద్ధం ఆడా."

"దొంగ ప్రమాణం చేశానను."

"చేశా. దొంగ ప్రమాణం చేశా."

నేను తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాను. "ఇక లెయ్యి అన్నయ్యా. నడుములోతే."

కాళ్లు దించి నిలబడ్డాడు. నీళ్లు బొజ్జ దాకా కూడా రాలేదు. మేము పరాచికాలాడుతున్నామనుకుని గైడు పగలబడి నవ్వాడు. మా వాళ్లెవరూ నవ్వలేదు.

"ఏందమ్మా ఇది? చంపబోయావు గదా నన్ను."

"నడుములోతు నీళ్లలో ఎవరూ చావరు. మా ఆయన పొడి నేల మీద పోయాడు."

పుల్లారావు ఆ రోజు అన్నం తినలేదు. బస్సు దగ్గర నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "తప్పయిపోయిందక్కా. ఆ దండ ఏసింది నేనే."

"నాకు తెలవదా? ఊరికెళ్లాక షాపుకి రా."

వచ్చాడు. మూడేళ్ల తరవాత మా గడప తొక్కాడు. అటక మీద నుంచి గోనెసంచి దించి అతని చేతిలో పెట్టాను. చెట్లు ఎండి పుల్లలయ్యాయి. పురికొస ముడి మాత్రం అతను వేసినట్టే ఉంది. ఆ ముడి చూసి అతను తల దించుకున్నాడు.

"ఎవరి మెడలో పడాల్సిందో ఆ మెడలో ఎయ్యి. పట్టపగలు, నడిబజారులో."

"కొట్టొద్దా?"

"చెయ్యి తగలనీయబాక. దండ చాలు."

బొల్లాపల్లి వాళ్లిద్దరినీ, ఆ ఏడు నష్టపోయిన రైతులందరినీ కూడగట్టుకుని నరసరావుపేట వెళ్లాడు. మధ్యాహ్నం నాలుగింటికి ఫోను వచ్చింది.

"ఏశామక్కా. షాపు ముందరే. బజారంతా చూసింది. నోరెత్తలేదు."

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"మంచిది" అని ఫోను పెట్టేశాను.

కీర్తితో రెండు మూరల చామంతి దండ తెప్పించాను. స్టూలెక్కి నేనే ఆయన ఫోటోకు వేశాను. కీర్తి స్టూలు పట్టుకుని నా వంకే చూస్తోంది. నేపాల్ సంగతి అప్పుడే చెప్పాను దానికి.

"నీళ్లలో మనిషి అట్టా ఏడుస్తంటే పాపం అనిపించలేదా అత్తయ్యా?"

"అనిపించింది" అన్నాను. "నడుములోతని చెప్పడానికి అంత తొందరపడ్డానే, మూడేళ్లు ఆగినదాన్ని ఇంకో పది నిమిషాలు ఆగలేకపోయానే అనిపించింది."