బోర్డు కింద పేరు

పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటే, ఎలిశబెతు పీట మీద కూర్చుని 'ప్రమాదం' అన్న మాటకు ఎర్రరంగు పూస్తోంది. పొద్దుటి నుంచి ఇది తొమ్మిదో ప్రమాదం. మధ్యలో లేచి ఉప్పు చూసి వస్తుంది, మళ్లీ కుంచె పడుతుంది. అది పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం, అప్పుడప్పుడే ఎండలు ముదురుతున్నాయి. భూమి అదిరి పది రోజులైంది. అదిరింది కాసేపే గానీ, ఆ సముద్రపుటొడ్డు ఊళ్లో మట్టిగోడల ఇళ్లన్నీ బీటలిచ్చాయి. ఏ ఇంట్లో ఉండకూడదో, ఏ బావి నీళ్లు తాగకూడదో, ఇల్లు పోయినవాళ్లకు వేసే పాకల కోసం పేర్లు ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ వాళ్లు రేకుల మీద రాయించి తగిలిస్తున్నారు. ఆ పని ఊళ్లో ఉన్న ఒకే ఒక బోర్డుల ఆర్టిస్టు జీవానందానికి వచ్చింది. అంటే, ఆయన భార్య ఎలిశబెతుకు వచ్చింది.

పెళ్లైన కొత్తలో ఆయన గీసిన గీతల మధ్య రంగు నింపడమే ఆమె పని. మిషన్ స్కూల్లో చదివేటప్పుడు ఆదివారం బడి పిల్లల కోసం అట్టల మీద బైబిలు వాక్యాలు రాసిన చెయ్యి ఆమెది. తనకంటే ఆమె అక్షరమే గుండ్రంగా వస్తుందని జీవానందం రెండేళ్లకే కనిపెట్టాడు. కనిపెట్టి పైకి అనలేదు, పని మాత్రం అప్పజెప్పాడు. అప్పటి నుంచి చాక్‌పొడి దారం లాగి గీతలు కొట్టేదీ, రాసేదీ ఆమే. రంగు ఆరాక కుడివైపు మూలన చిన్నగా 'జీవానందం' అని పెట్టుకునేది ఆయన. బోర్డులు రాసే వాళ్లందరికీ ఉన్న అలవాటే అది. సర్కారు నోటీసుకు తన పేరెందుకని ఆయనకు తోచనే లేదు. "నా పేరులో ఒక్క అక్షరమయినా పెట్టండి" అని ఆమె ఒకసారి నవ్వుతూనే అడిగింది. "బోర్డు కింద ఆడపేరుంటే ఊరు నవ్వుతాదే" అన్నాడు. అత్తగారు మగ్దలీనమ్మ అక్కడే ఉండి, "నీడపట్టున కూర్చుని రంగులు పూసుకునేదానికి పేరు గూడానా?" అంది. ఆ మాట ఎలిశబెతు గుండెలో ముల్లులా ఉండిపోయింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా గుచ్చుకునేది.

ముల్లు సంగతి అలా ఉంచితే, ఆమెకు ఇంకో వింత కోరిక ఉంది. ఆరేళ్లుగా రాస్తున్నా, తన అక్షరాన్ని మూరెడు దూరం నుంచి తప్ప ఎన్నడూ చూడలేదు. వీధి అవతల నుంచి చూస్తే ఎలా ఉంటుంది? నడిచిపోయే మనిషి ఆగుతాడా? ఏ మాట ముందు చదువుతాడు? చూసొస్తానంటే, "వీధిలో నిలబడి బోర్డులు చూసే ఆడది యాడన్నా ఉండాదా?" అన్నాడు మొగుడు.

ఈలోపు ఊళ్లో ఒక తమాషా జరిగింది. 'బోర్డులాయన' అనడమే తప్ప ఆయన అసలు పేరు ఊళ్లో చాలామందికి తెలియదు. నోటీసు కింద ఎవరి పేరుంటే వాళ్లే కదా ఆఫీసరు! జీవానందం గారనే దొర ఎవరో ఇళ్లు తనిఖీ చేసి ఆర్డర్లు వేస్తున్నాడని జనం నమ్మేశారు. అడ్రసు కనుక్కుంటే బోర్డులాయన ఇల్లే తగిలింది; ఆయనకే సర్కారు ఉద్యోగం వచ్చిందనుకుని అర్జీలతో వచ్చారు. వచ్చినవాళ్లు "అయ్యగారూ" అని చేతులు కట్టుకుంటే ఆయన కాదనలేదు, కుర్చీ వాకిట్లో వేయించుకున్నాడు. వంటింటి తలుపు చాటు నుంచి చూసి ఎలిశబెతు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ సాయంత్రం పెంచలమ్మ వచ్చింది. మొగుడు పోయిన ముసలావిడ, గంపలో నిమ్మకాయలు అమ్ముకునే మనిషి. అర్జీ లేదు, దండం లేదు.

"ఏమయ్యా, నా ఇంట్లో నన్ను ఉండొద్దనేదానికి నువ్వెవురు? ఆ రాత రాసిన చెయ్యి పడిపోను!"

వీధి వీధంతా గుమిగూడింది. జీవానందం కుర్చీలోంచి లేచాడు, మొహం పాలిపోయింది.

"నేను గాదమ్మా రాసింది! మా ఇంటామె. బోర్డులన్నీ ఆమే రాసేది, అడుగు కావాలంటే."

లోపల ఎలిశబెతు చేతిలో గరిటె ఆగిపోయింది. ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు. మెప్పులన్నీ ఆయన ఉంచుకున్నాడు, శాపనార్థం వచ్చేసరికి ఇంటామె గుర్తొచ్చింది. కోపం రావలసిందే, వచ్చింది కూడా. అయినా దాని అడుగున ఏదో చల్లగా తగిలింది. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చింది.

"అవునవ్వా, నేనే రాసినా. పద, నీ ఇల్లు చూద్దాం" అని చెప్పులు వేసుకుంది. మగ్దలీనమ్మ ఏదో అనబోయింది గానీ, అప్పటికే కోడలు వీధిలో ఉంది.

పెంచలమ్మ ఇంటి గోడ బీటలో ఎలిశబెతు చెయ్యి మణికట్టు దాకా దూరింది. "రాసింది అబద్ధం కాదవ్వా, ఇది పడతాది" అంది మెల్లగా. ముసలామె గడప మీద కూలబడి ఏడ్చింది. "ఉండొద్దన్నారు, సరే. యాడికి పొమ్మన్నారు బిడ్డా? అది గూడా రాయాల గదా!"

"అది వేరే బోర్డులో రాసినా. స్కూలు గేటుకు కట్టినారంట. రేపటి దాకానే పేర్లు రాసుకునేది" అంది ఎలిశబెతు. ఏ కబురు ఏ రేకు మీదుందో ఆమెకు తెలిసినట్టు ఊళ్లో ఇంకెవరికి తెలుస్తుంది? అప్పటికప్పుడే స్కూలుకు తీసుకుపోయి, గుమాస్తా చేత పెంచలమ్మ పేరు రాయించింది. తర్వాత వీధి దాటి అవతలి అరుగు మీదికెక్కి, గేటుకున్న బోర్డు వైపు తిరిగి నిలబడింది. అక్షరాలు అక్కడిదాకా కనిపిస్తున్నాయి. ఒక 'ప' కాస్త పక్కకు ఒరిగింది, దగ్గర్నుంచి తెలియనేలేదు. సైకిలు మీద పోతున్న ఒకాయన దిగి చదివి వెళ్లాడు.

పెంచలమ్మ ఆమె పక్కకొచ్చి, "ఆ మూలన ఏముండాది బిడ్డా?" అని అడిగింది.

"మా ఆయన పేరు."

"రాసింది నువ్వయితే ఆయన పేరెందుకు?"

ఎలిశబెతు అరుగు దిగి ఇంటిదారి పట్టింది. ఇల్లు చేరేదాకా ఆ ప్రశ్నే నెమరేసుకుంది.

మర్నాడు పొద్దున రంగు ఆరిన రేకును గోడకు ఆనించింది. జీవానందం అలవాటుగా చిన్న కుంచె తీసుకుని వంగి, అలాగే ఆగిపోయాడు. మూలలో 'ఎలిశబెతు' అని ఉంది.

"ఏమే ఇది? జనం వచ్చి తిడితే ఎవురు పడతారు?"

"నిన్న తిట్లన్నీ నా పేరుకే రాసిచ్చినారు గదా. తిట్లు నాకూ, పేరు మీకూనా?" అంది ఆమె, వాకిలి దాటి వీధిలోకి వెనక్కి వెనక్కి నడుస్తూ. "కొంచెం పక్కకు జరగండి. దూరం నుంచి ఎట్లుందో చూడాల."