ఆగి ఆగి ఎగిరే విమానం

అన్నయ్య ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఒక ఉదయం చేతిలో కప్పు దానంతటదే జారిపడింది. పక్షవాతం తేలిగ్గా వచ్చి పోయిందన్నారు డాక్టర్లు. నడక బాగుపడింది, మాట బాగుపడింది. కుడిచేతి వేళ్ళు మాత్రం మొరాయించాయి. "వేళ్ళకి పని చెప్పండి, ఆట అయినా సరే" అంది వ్యాయామం చేయించడానికొచ్చే ఆవిడ.

ఆ మాట పట్టుకుని చెల్లెలు అటక మీది పాత కంప్యూటర్ని దించింది. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది, సన్నపనికి అలవాటు పడ్డ చేతులు. చిన్నప్పుడు ఇద్దరూ ఆ కంప్యూటర్ మీదే విమానం ఆట ఆడేవారు, జాయ్‌స్టిక్ కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవారు. ఇప్పుడు లోపలి హార్డ్‌డిస్క్ చచ్చిపోయి ఉంటే, పాత సామాన్ల కొట్లో దొరికిన ఇంకో డిస్కు బిగించి ఆట ఎక్కించింది.

విమానం బాగానే లేచింది. కొండలు రాగానే డిస్కు గరగరమంది, తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి విమానం కొండకి గుద్దుకుని ఉంది. రోజూ ఇదే వరస. అన్నయ్య కుర్చీ వెనక్కి జరిపాడు.

"నా చెయ్యి టైముకి తిరగట్లేదే. ఇలాంటి చేత్తో ఇంక క్రేన్ ఎక్కనిస్తారా?"

"చెయ్యి కాదండీ, ఆ డబ్బాదే నత్తనడక" అంది వదిన.

"నన్ను ఓదార్చకు."

చెల్లెలు జాయ్‌స్టిక్ లాక్కుని తనే ఆడి చూపించింది. అదే కొండ, అదే ఆగడం, అదే గుద్దుడు.

"చూశావా?"

"నువ్వెప్పుడు గుద్దలేదు గనక!" అన్నాడతను. అది అబద్ధమూ కాదు.

చెల్లెలు డిస్కు బదులు కొత్తరకం మెమరీ కార్డు పెట్టి చూసింది. పాత మెషీన్ దాని మొహమైనా చూడలేదు. ఆ కాలపు డిస్కే కావాలి, కానీ ఇంకా వేగంగా తిరిగేది కావాలి. పాత సామాన్ల కొట్టతన్ని అడిగితే, "అన్నీ గుండ్రంగానే తిరుగుతాయమ్మా" అన్నాడు.

పనిలో కట్టుడు పళ్ళు అరగదీస్తూ ఆలోచించింది. ఆ రోజుల్లో వేగమైన డిస్కు ఎవరికి కావలసి వచ్చేది? పాటలు రికార్డు చేసేవాళ్ళకి. డిస్కు నత్తలా తిరిగితే పాట మధ్యలో తెగిపోతుంది. అడగ్గా అడగ్గా, మూతబడిన ఒక స్టూడియో యజమాని దొరికాడు. వెళ్ళేసరికి గాలికి తలుపు కొట్టుకోకుండా ఒక హార్డ్‌డిస్క్ అడ్డం పెట్టి ఉంది.

"అయ్యో, ఇది వేగంగా తిరిగేదేనండీ!"

"ఒకప్పుడు తిరిగేది. ఇప్పుడు వాచ్‌మన్ ఉద్యోగం" అన్నాడాయన. చెల్లెలి మొహం వాడిపోవడం చూసి లోపలికి వెళ్ళి, ఊలు మేజోడులో చుట్టిన ఇంకో డిస్కు తెచ్చాడు. "దీన్ని మాత్రం పారెయ్యలేక దాచాను. బతికుంటే మీ అదృష్టం."

ఇంటికొచ్చి రెండు డిస్కులనీ ఒకే కేబుల్‌కి తగిలించింది, పాతదానిలోని ఆటని కొత్తదానిలోకి మార్చాలని. మెషీన్ రెండింటిలో ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. తీసి పెట్టింది, పెట్టి తీసింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

పక్కనుంచి వంగి చూసిన అన్నయ్య ఫక్కున నవ్వాడు.

"రెండూ పెద్దరికం చేస్తున్నాయే. ఒక కేబుల్ మీద ఒకటే పెద్దది, రెండోది దాని వెనక ఉండాలి. వెనకాల బుల్లి క్లిప్పుంటుంది, చూడు. కొత్తదాని క్లిప్పు మార్చి దాన్ని చిన్నదాన్ని చెయ్యి."

ఆమె ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో కేబుళ్ళు పట్టుకుని ఉంది. "నువ్వే తియ్యి అన్నయ్యా, నాకు చేతులు ఖాళీ లేవు."

అతను కళ్ళజోడు సర్దుకుని, ఆమె పట్టకారు తీసుకుని, బియ్యపుగింజంత క్లిప్పుని పట్టి లాగాడు. ఒకసారి జారింది. రెండోసారి వచ్చింది. పక్కనున్న పిన్నుల జతకి గుచ్చి నొక్కాడు. అప్పుడుగానీ పట్టకారు ఏ చేతిలో ఉందో చూసుకోలేదు.

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుని, దుమ్ము పడిందంది.

మెషీన్ మళ్ళీ వెలిగించగానే కొత్త డిస్కు సన్నగా ఈలవేసింది. రెండూ కనిపించాయి. ఆట ఎక్కడం పూర్తయ్యాక పాతదాన్ని విప్పేసి, క్లిప్పు యథాస్థానంలో పెట్టి, అన్నయ్యని కూర్చోబెట్టారు.

విమానం లేచింది. కొండలొచ్చాయి. చెల్లెలు ఊపిరి బిగబట్టింది. డిస్కు చిన్నగా కిర్రుమంది, అంతే. తెర ఆగలేదు. అన్నయ్య చెయ్యి కుడికి వాలింది, విమానమూ వాలింది. కొండ పక్కనుంచి జారిపోయి, రన్‌వే మీద రెండు గంతులు వేసి, గడ్డిలోకి పోయి నిలిచింది.

"సరిగ్గా దిగలేదు" అన్నాడు. గొంతు మాత్రం నవ్వుతోంది. "కానీ తప్పు నాదే. డబ్బాది కాదు, చేతిదీ కాదు. ముందే వేగం తగ్గించాల్సింది."

ఇన్ని వారాల్లో అతను తన తప్పుని అంత హాయిగా ఒప్పుకోవడం ఆ ఇద్దరూ వినడం అదే మొదటిసారి. చెల్లెలు నేలమీదే చతికిలబడి, గోడకి ఆనుకుని, బరువంతా దిగినట్టు ఊపిరి వదిలింది.

"భోజనానికి దిగుతారా, కంచం విమానంలోకే పంపించనా?" అంది వదిన.

"ఇంకొక్కసారి ఎగిరొస్తాను, ఉండు" అని అతను మళ్ళీ జాయ్‌స్టిక్ అందుకున్నాడు.