మధ్యమ పురుష

అక్క పోయిన నాలుగో నెలలో, అమలాపురంలో ఒక ఫంక్షన్ హాల్లో, నూట యాభై మంది మధ్య కూర్చుని కనకరత్నం టీచరు అక్క గొంతు వింది.

అది ఎలీసమ్మ గొంతని ఆ హాల్లో తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు కనకరత్నం. మిగతా ఇద్దరూ ఆ సినిమా తీసిన హేమంత్, త్రిమూర్తులు.

హేమంత్ ఒకప్పుడు ముక్తేశ్వరంలో కనకరత్నం దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. తర్వాత కువైట్ వెళ్ళి, ఎలీసమ్మ వంట చేసే ఇంట్లోనే డ్రైవరుగా కుదిరాడు. రెండేళ్ళ కిందట తిరిగొచ్చి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళి వీడియోలు తీసే త్రిమూర్తులుతో కలిసి పొట్టి సినిమాలు మొదలుపెట్టాడు. వారం కిందట టీచరు ఇంటికొచ్చి, చెప్పులు వాకిట్లోనే వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గల్ఫ్‌లో మన ఆడవాళ్ళ ఒంటరితనం మీద తీసేమండి టీచర్ గారూ. ఎలీసమ్మగారిని తలుచుకున్నట్టూ ఉంటుంది. ముఖ్య అతిథిగా మీరే రావాలండి."

పోయినవాళ్ళను తలుచుకునే మనిషి ఒకడైనా ఉన్నాడనుకుంది కనకరత్నం. సరేనంది.

తెర మీద సినిమా పేరు పడింది. 'సాల్మియా ఆంటీ'. కువైట్‌లో అక్క పనిచేసిన పేట పేరు సాల్మియా. ఆ అక్షరాలు చూడగానే ఆమెకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది.

కాకినాడ నుంచి తెచ్చిన నాటకాలావిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. కళ్ళకు దిట్టంగా కాటుక. బయట కారు కడుగుతున్న కుర్ర డ్రైవర్ని చూసి, దువ్విన జుట్టే మళ్ళీ దువ్వుకుంది. చేపల పులుసు డబ్బాలో సర్దింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. కదిలినవి ఆవిడ పెదవులు. వినిపించింది అక్క.

"ఆయ్, నేనేనండీ. తిన్నారాండీ? పులుసు కొంచెం ఉప్పెక్కింది. ఏమనుకోకండేం."

హాలు గొల్లుమంది. యాభై దాటిన మనిషి, కొడుకు ఈడువాడిని, పెళ్ళాం మొగుణ్ణి అడిగినట్టు అడుగుతోంటే నవ్వరా మరి! వెనక వరుసలో ఎవడో "ఏమనుకోకండే...ం" అని సాగదీశాడు. నవ్వు రెట్టింపయింది. కనకరత్నం పక్కనున్నావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ఊగిపోయింది.

తెర మీద డ్రైవరు, అంటే హేమంతే, చేతులు జోడించాడు. "ఆంటీ, మీరు మా అమ్మలాంటోరు." చప్పట్లు.

ఇరవై నిమిషాల సినిమాలో పదకొండు సార్లు అక్క మాట్లాడింది. పదకొండు సార్లూ నవ్వారు.

అయిపోయాక త్రిమూర్తులు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు మన టీచరమ్మగారు నాలుగు ముక్కలు మాట్లాడతారండి. ఆయ్, గట్టిగా చప్పట్లండీ!"

కనకరత్నం మైకు తీసుకుంది. ఇరవై ఏళ్ళుగా మాటలు చెప్పే బతికింది. "ఇవాళ నాకు మాట రావడం లేదండీ" అని మైకు తిరిగి ఇచ్చేసింది. "పాపం, కదిలిపోయేరు" అన్నారెవరో.

మెట్ల దగ్గర హేమంత్ ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎలా ఉందండీ టీచర్ గారూ?"

"ఆ గొంతు ఎవరిది హేమంత్?"

అతను తల గోక్కున్నాడు. "ఎలీసమ్మగారిదేనండి. నాకు వాట్సాప్‌లో పంపేవారు కదండి. ముగ్గురు ఆర్టిస్టులతో డబ్బింగ్ చెప్పించి చూసేమండి, ఎవరికీ ఆ ప్రాణం రాలేదు. అసలుదే పెట్టేద్దాంరా అన్నాడు త్రిమూర్తులన్నయ్య."

"తీసెయ్యి."

"అయ్ బాబోయ్, శుక్రవారం యూట్యూబ్‌లో రిలీజండీ. అందరూ ఆ గొంతు గురించే మాట్లాడుతున్నారు. పేరెక్కడా వెయ్యలేదు కదండీ."

"మా అక్క చిన్నా పెద్దా అందరినీ మీరనే అంటుంది. అందులో నవ్వడానికేముంది?"

"మరేనండి" అన్నాడు హేమంత్. వచ్చే నవ్వును పెదవుల దగ్గరే బిగపట్టాడు.

టీచరు అన్నది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఎలీసమ్మ పాస్టరుగారిని మీరనేది. బస్సు కండక్టర్ని మీరనేది. తనకన్నా చిన్నవాళ్ళు మాత్రం, ఎవరి పిల్లలైనా సరే, 'ఒరే అబ్బాయ్' లే. చెల్లెలైతే 'తిన్నావటే రత్నం?' 'తిన్నారాండీ' అనే మాట ఆమె నోట కనకరత్నం అంతకుముందు ఒక్క మనిషి విషయంలోనే వింది. పెళ్ళయిన రెండో ఏడే వదిలిపోయిన మొగుడితో.

సోమవారం ఆమె సెలవు పెట్టింది.

శవపేటికతో పాటు వచ్చిన సూట్‌కేసులో అక్క ఫోను ఉంది. నాలుగు నెలలుగా కనకరత్నం దాన్ని ముట్టుకోలేదు. పోయినవాళ్ళ ఉత్తరాలు చదవకూడదనుకునే మనిషి. ఇప్పుడు ఛార్జింగ్ పెట్టింది. తాళం లేదు. అక్క దేనికీ తాళం పెట్టే మనిషి కాదు. 'హేమంత్ గారు' అని ఉన్నచోట నొక్కింది. వంటింట్లో నేల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా విన్నది.

అక్క మాటలే కాదు, వాడివీ ఉన్నాయి.

మొదట్లో అంతా మర్యాదే. "థాంక్సండీ ఎలీసమ్మగారూ. పులుసు అదిరిందండీ." ఆరేడు నెలలు అలాగే నడిచింది. తర్వాత ఒక రంజాను రోజు అక్క ఎప్పటిలాగే అడిగింది, తిన్నారాండీ అని. వాడి జవాబు:

"తిన్నాను ఎలీ. నువ్వు తిన్నావా? ఇంటిల్లిపాదికీ వండి నువ్వు ఊరుకుంటావు, నాకు తెలుసు. ముందు తిను. తిన్నాక చెప్పు."

ఎలీ. తల్లి కూడా అలా పిలవలేదు ఆమెను.

అక్కడి నుంచి ఏడాదిన్నర పాటు అక్క మీరు, వాడు నువ్వు. ఎండలో బయటికి వెళ్ళకు. మోకాలికి నూనె రాసుకో. నీ నవ్వు వినిపించకపోతే నాకు రోజు గడవదు. ప్రతిదానికీ అక్క ఒకటే మాట. "ఆయ్, అలాగేనండీ." ఆ 'అలాగేనండీ' లో నలభై తొమ్మిదేళ్ళ మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్లలా సిగ్గుపడటం కనకరత్నం చెవులారా విన్నది.

ఏటా ఎనిమిదో తరగతికి ఆమె చెప్పే పాఠమే. మాట్లాడేవాడు ఉత్తమ పురుష. ఎదురుగా ఉండి వినేవాడు మధ్యమ పురుష. అక్కడ లేనివాడు ప్రథమ పురుష. మధ్యమ పురుషకు మన భాషలో రెండు మాటలున్నాయి. ఎవరు ఎవరిని 'నువ్వు' అన్నారో, ఎవరు ఎవరిని 'మీరు' అన్నారో తెలిస్తే చాలు, వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో వేరే చెప్పక్కర్లేదు. వాడు తన 'నువ్వు'ను కోసి పారేసి, అక్క 'మీరు'ను ఒంటరిగా తెరకెక్కించాడు. చప్పట్లకు రెండు చేతులు కావాలి. తన చెయ్యి వెనక్కి దాచుకుని, గాలిలో ఊగే ఆమె చేతిని చూపించి ఊరంతటినీ నవ్వించాడు.

చివర్లో, వాడు ఊరొచ్చేశాక, అక్కవే వరసగా ముప్పై దాకా ఉన్నాయి. జవాబుల్లేవు. మూడు నెలల తర్వాత వాడిదొకటి. "పెళ్ళి కుదిరిందండీ ఆంటీ. ఆశీర్వదించండి."

అక్క జవాబు: "సంతోషం నాయనా. దేవుడు చల్లగా చూస్తాడు." ఆ తర్వాత ఏమీ లేదు.

నాయనా. ఆ ఒక్క మాటతో అక్క తన 'అండీ'ని వెనక్కి తీసేసుకుంది. కనకరత్నం ఫోను నేల మీద బోర్లించింది. ఇంకో మాట గుర్తొచ్చింది. అప్పట్లో ఒకసారి ఫోనులో అక్క అంది, "ఇక్కడొకబ్బాయున్నాడే రత్నం, మాట్లాడుతుంటే పొద్దే తెలీదు" అని. "ఈ వయసులో ఏంటక్కా అది? నలుగురూ వింటే నవ్విపోతారు" అంది తను. అక్క "అవున్లేవే" అని నవ్వేసింది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

బుధవారం బడి వదిలాక ఆమె ముక్తేశ్వరంలో హేమంత్ ఇంటికి వెళ్ళింది. ముందు గదిలో హేమంత్ ల్యాప్‌టాప్ ముందున్నాడు. పక్కన అతని భార్య నిఖిత మిషను మీద జాకెట్టు కుడుతోంది.

"రండి రండి టీచర్ గారూ, కూర్చోండి. టీ పెట్టమంటారా, మజ్జిగ పుచ్చుకుంటారా?"

"ఏమీ వద్దమ్మా. హేమంత్, గొంతు తీశావా?"

"మళ్ళీ అదేనాండీ! ఆవిడే పంపేరండి. నాకు పంపినవి నావే కదండీ."

"అలాగా." కనకరత్నం సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "అయితే మా అక్కకు పంపినవి మావి."

వాడు ఆ ఫోను వంక పాముపిల్లను చూసినట్టు చూశాడు.

"ఏమున్నాయండీ అందులో?" అంది నిఖిత.

"ఏవో పాతవి. నువ్వెళ్ళి టీ పెట్టు."

నిఖిత కదల్లేదు. మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది.

కోపం పెరిగేకొద్దీ కనకరత్నం గొంతు తగ్గుతుంది. ఆమె దగ్గర చదివినవాళ్ళకు అది తెలుసు. "హేమంత్. లే" అంది నెమ్మదిగా. ఇరవై తొమ్మిదేళ్ళవాడు లేచి నిలబడ్డాడు.

"మధ్యమ పురుష ఎవరు?"

"వినేవాళ్ళండి."

"మా అక్క నిన్ను తిన్నారాండీ అని అడిగింది. సినిమాలో అమ్మలాంటోరు అన్నావు. నిజంగా ఏమన్నావు? నీ నోటితో నువ్వు చెబితే నేను ఈ ఫోను తెరవను."

"గుర్తులేదండి."

"నాకుంది."

"టైంపాస్ అండీ అది!" వాడి గొంతు పెరిగింది. "అక్కడ పలకరించే దిక్కులేక ఏవో నాలుగు మాటలు. ఆవిడే మనసుకి తీసుకున్నారు. దానికి నేనేం చెయ్యనండీ?"

కనకరత్నం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు బిగించింది. వదిలితే ఏం చేస్తాయో ఆమెకే నమ్మకం లేదు.

"అడిగిందానికి చెప్పండి" అంది నిఖిత.

"నువ్వుండు నిఖితా."

"ఆదివారం నవ్వినోళ్ళలో నేనూ ఉన్నానండి. దేనికి నవ్వేనో నాకు తెలియాలి. చెప్పండి."

వాడు నేల చూశాడు. భార్యను చూశాడు. మళ్ళీ నేల చూశాడు.

"తిన్నాను ఎలీ, నువ్వు తిన్నావా... అన్నానండి."

నిఖిత లేచి, ల్యాప్‌టాప్‌ను మొగుడి వైపు తిప్పింది. "తీసెయ్యండి."

"తీసేస్తే సినిమా చచ్చిపోద్దే!"

"చావనీండి."

వాడు కూర్చుని ఒక్కొక్కటే తీశాడు. నాటకాలావిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని పెదవులు కదిపింది. శబ్దం లేదు. పదకొండోది పోయేదాకా కనకరత్నం వాడి భుజం పక్కనే నిలబడి చూసింది.

"ఇక్కడేం పెట్టమంటారండీ?" అన్నాడు, తల ఎత్తకుండా.

"నీ సినిమా. నీ ఇష్టం." ఫోను సంచిలో వేసుకుంది. "వెళ్ళొస్తానమ్మా నిఖితా."

ఏ పాపమూ ఎరగని పిల్ల నిద్ర తాను పాడుచేసి పోతున్నానని కనకరత్నానికి తెలుసు. అది కూడా వాడి ఖాతాలోనే వేసింది.

రోడ్డు మీద అమలాపురం ఆటో కోసం నిలబడింది. అనుకున్నది అయింది. అయినా ఒంట్లో సెగ తగ్గలేదు. వాడి గొంతు ఇంకా అక్క ఫోనులో ఉంది. అది కూడా ఉండకూడదు. వాడి ఊపిరి అక్క వస్తువుల్లో దేనికీ తగలకూడదు. తుడిచేద్దామని ఫోను తీసింది. వేలు వాడి మెసేజి మీద పడి, అది వినిపించడం మొదలైంది.

"తిన్నాను ఎలీ. నువ్వు తిన్నావా?"

ఇరవై రెండేళ్ళు ప్రతి శుక్రవారం అక్క ఫోను చేసింది. ప్రతిసారీ మొదటి మాట, తిన్నావటే రత్నం అని. తను చెప్పేది, ఇవాళ ఆనపకాయ, ఇవాళ చేపలు, ఇవాళ ఒంట్లో బాగోక చారన్నం అని. తిరిగి అడిగిందా తనెప్పుడైనా? కనకరత్నం వెతికింది. తప్పిన పిల్లాడి పేపర్లో పాసవడానికి అర మార్కు దొరుకుతుందేమోనని వెతికినట్టు, ఏడాది వెనక ఏడాది తిప్పుకుంటూ వెతికింది. ఎక్కడా దొరకలేదు. ఇరవై రెండేళ్ళలో ఎలీసమ్మను ఆ మాట అడిగినవాడు వీడొక్కడే. ఈ పిరికివాడు, ఈ టైంపాస్ గాడు.

ఆటో వచ్చి ఆగింది. "అమలాపురమాండీ? ఎక్కండి మేడంగారూ, ఒక్కరికే ఖాళీ."

ఫోను పిడికిట్లో పట్టుకునే ఎక్కి కూర్చుంది. తుడవలేకపోయింది. దానికి కూడా వాడి మీదే కోపం వచ్చింది.