ఆసుపత్రి ముందు బెండ మడి

ఊరంతా ఆమెను టైలరమ్మ అనే పిలుస్తుంది. బస్టాండు వెనుక చిక్కుడు పందిరి, లైబ్రరీ గోడ వారగా టమాటా, ఆసుపత్రి ముందు బెండ, వంగ, ఇవన్నీ ఆమె, ఆమె వెంట తిరిగే మరో ఎనిమిదిమంది సరదా కొద్దీ పెంచుతున్నవే. వాళ్ళ నియమం ఒక్కటే: పెంచేది మేము, కోసుకునేది ఎవరైనా సరే.

అందులోనూ ఆసుపత్రి మడి అంటే టైలరమ్మకు ప్రాణం. టేపు పట్టి కొలిచి మరీ సాళ్ళు తీసింది. చుట్టూ ఇటుకలు పాతి సున్నం కొట్టింది, ఇనప తీగ కట్టింది. ఒక్క మొక్క వరస తప్పినా కుట్టు వంకర పోయిన చొక్కాను చూసినట్టు విలవిల్లాడేది. మూడు నెలల్లో కాపు విరగకాసింది. కానీ ఒక్కరంటే ఒక్కరు కోయలేదు! బెండకాయలు జానెడు పొడవై పీచు కట్టాయి. వంకాయలు ముదిరి పసుపుపచ్చబడి కింద రాలాయి.

మున్సిపల్ ఇంజనీరు వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఎవరికీ అక్కర్లేని తోట ఎందుకమ్మా? శుక్రవారం మళ్ళీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే చదును చేయించి స్కూటర్ల స్టాండు కట్టించేస్తాం."

"తప్పకుండా రండి సార్. స్టాండు సంగతి మీరే మర్చిపోతారు," అంది టైలరమ్మ. భయపడటం ఆమెకు చేతకాని పనుల్లో ఒకటి.

'కావలసినవాళ్ళు కోసుకోండి' అని బోర్డు పెట్టింది. చదివినవాళ్ళు ఇందులో ఏదో మెలిక ఉందనుకుని ఇంకాస్త దూరం జరిగి నడిచారు.

బుధవారం పొద్దున్న బళ్ళో టీచరుగా పనిచేసే ఆడపడుచు వచ్చి, మడిని చూసి పకపకా నవ్వింది.

"ఇది తోటలా ఉందా వదినా? పెద్ద డాక్టరుగారు ముచ్చటపడి పెంచుకుంటున్నట్టుంది. ఎవరు చెయ్యేస్తారు? నాకే భయమేస్తోంది!"

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారాక సిగ్గేసింది. జనాన్ని ఆపింది తన చేతి నీటుతనమే! అప్పటికప్పుడు కత్తెర తీసి తీగ కత్తిరించింది. ఇటుకలు ఒక్కొక్కటీ పెరికింది. ప్రతి ఇటుకకూ ప్రాణం ఉసూరుమంది. అయినా ఆగలేదు.

వరండా మెట్ల మీద రోగుల తాలూకు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"అక్కా, కాస్త చెయ్యి సాయం చేయరూ? ఈ ముదురు కాయలు తీసేస్తే లేతవి దిగుతాయి," అని టైలరమ్మ కేకేసింది.

భర్తకు కాలు ఆపరేషనై పదిహేను రోజులుగా అక్కడే ఉంటున్న ఒకామె చటుక్కున లేచింది. "ఊరికే కూర్చుని పిచ్చెక్కిపోతోందమ్మా. ఎక్కడ మొదలెట్టమంటావు?"

ఆమె పనిలో దిగింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. సాళ్ళ మధ్య ఖాళీ కనబడ్డ చోటల్లా మొదట లేచినామె, టైలరమ్మ తెచ్చిన వంగనారు నాటేసింది, అదీ అడ్డదిడ్డంగా. టైలరమ్మ పళ్ళ బిగువున ఊరుకుంది. గురువారానికి తొమ్మిదిమంది అయ్యారు. వేలెడంత బెండకాయ కూడా సాయంత్రం దాకా కొమ్మకు ఉండటం లేదు.

శుక్రవారం ఇంజనీరు ఇద్దరు పనివాళ్ళతో దిగాడు. మడి నిండా అడుగుల గుర్తులు. కాయ అన్నది లేదు.

"పోయినసారి కాయలైనా ఉన్నాయి. ఇప్పుడు అవీ లేవేంటమ్మా?" అంటూ మడిలోకి అడుగేశాడు.

టైలరమ్మ నోరు తెరిచేలోపే వెనకనించి కేక వినబడింది. కాలు ఆపరేషనైనాయన భార్య నీళ్ళ బకెట్టుతో వస్తోంది.

"కాస్త కాలు తీయండి సార్! మా వంగమొక్కను తొక్కుతున్నారు."

ఇంజనీరు గబుక్కున వెనక్కి జరిగాడు. "మీదేంటి? ఇది ఆసుపత్రి స్థలం కదా?"

"నాటింది మేము. నీళ్ళు పోసేది మేము. పొద్దున్న కూర వండుకు తిన్నదీ మేమే. మాది కాక ఇంకెవరిది?"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఇంజనీరు వాళ్ళ వంకా, మొక్కల వంకా చూసి, పనివాళ్ళను వెనక్కి పొమ్మన్నాడు.

టైలరమ్మకు కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, బకెట్టు పట్టుకున్నామె దగ్గరికి వెళ్ళి, కొత్తగా పనిలో చేరిన మనిషిలా నిలబడింది.

"నన్నేం చెయ్యమంటావు అక్కా?"