నా ఫార్మాట్ గండం

నేను ఒక కంపెనీ బిడ్డను కాను. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే అంగడిలో, శేషగిరి అనే ఆయన ముక్కలు ముక్కలుగా కొని తెచ్చి బిగించిన కంప్యూటర్ని. నా మదర్‌బోర్డు బెంగళూరుది. ఫ్యాను అనంతపురంలో మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ది. ఎడమవైపు రేకు ఎవరిదో నాకే తెలియదు. బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. కంపెనీవాళ్లే లెక్క తప్పి ఎక్కువ పెట్టారని శేషగిరి తేల్చేశాడు.

నన్ను చేసింది ఆయనే అయినా, రోజూ నా ముందు కూర్చుని పనిచేసేది వాళ్ల వదిన సత్యవేణి. పాత చీరల అంచులు చూసి, తెర మీది గళ్లు నింపుతూ డిజైను గీయడం ఆమె పని. డిజైను మూల మీద పేరు మాత్రం శేషగిరిది. ఈసారి ఆమె ఏ పాత చీరా ముందు పెట్టుకోలేదు. మూడు వారాలు సొంత బుర్రతో గీసింది. అంచంతా చింతచిగురు, మధ్యమధ్య వాలిన తూనీగలు. ఇరవై ఏళ్లలో తనదంటూ ఆమె గీసింది అదొక్కటే, అది ఉన్నది నా కడుపులో ఒక్కచోటే. నేతగాడు ఓబులేసు మగ్గం సిద్ధం చేసుకుని దానికోసం వస్తానన్న రోజునే నేను మొరాయించాను.

తప్పు నాది కాదు, అప్‌డేట్‌ది. పొద్దున లేవగానే మొదట ఏ తలుపు తట్టాలో రాసిన చీటీ ఒకటి నాలో ఉంటుంది. అప్‌డేట్ ఆ చీటీని మార్చేసింది. కొత్త చీటీ ప్రకారం నేను ముందు తట్టాల్సింది నా వీపున గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌ని. ఆయుధపూజనాడు శేషగిరి దానిలో వెంకన్న పాటలు నింపి, పసుపుతాడు చుట్టి, కుంకుమబొట్టు పెట్టి మరీ గుచ్చాడు. తట్టాను. పాటలు తప్ప ఏమీ లేని ఇల్లు, ఎవరు పలుకుతారు? మర్యాదస్తుణ్ణి కనుక అక్కడే నిలబడిపోయాను. తెర మీద మాత్రం ఒక తెల్లగీత మిణుకుమంటూ ఉండిపోయింది.

శేషగిరి రంగంలోకి దిగాడు. నా నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. ర్యామ్ పీకి చొక్కాకు తుడిచి పెట్టాడు. ఫ్యానులోకి ఊదితే దుమ్మంతా ఆయన కళ్లలోనే పడింది. మనుషులంతే, అర్థం కానిదాన్ని ముందు కొడతారు, తర్వాత ఊదుతారు. కళ్లు నులుముకుంటూ తీర్పు చెప్పాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం వదినా. దరిద్రం వదిలిపోతాది."

ఫార్మాట్ అంటే మీకు శుభ్రం చేయడం. నాకది పునర్జన్మ, పాత జన్మ సంగతి ఒక్కటీ మిగలదు. నాకు భయమేసింది, దాచుకోవడమెందుకు. సత్యవేణికి ఇంకా ఎక్కువ భయమేసింది. ఆ డిజైను తన సొంతమని ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"డిజైను పోతాది కదా శేషగిరీ" అంది మెల్లగా.

"ఇంకోటి గీసుకుందాం లే."

అప్పటికే వచ్చి గడప దగ్గర కూర్చున్న ఓబులేసుకు ఆ మాట నచ్చలేదు.

"మగ్గంలో బుటా పువ్వు తప్పితే పడుగు దారాలన్నీ కోసేస్తామా అక్కా? ఒక్కో కొక్కెం విప్పి, తొక్కి సూస్తాం. తప్పు యాడుండాదో అప్పుడు తెలుస్తాది."

సత్యవేణి చెంగు దోపుకుని లేచింది. ప్రింటర్ తీగ పీకి నా బటన్ నొక్కింది. నేను లేవలేదు. స్కానర్ పీకి నొక్కింది. స్పీకర్లు పీకి నొక్కింది. చివరికి ఆమె చేయి పసుపుతాడు మీద పడింది.

"పూజలో పెట్టింది వదినా, పీకగూడదు."

"దేవుని పటం ముందరే పెడతాలే" అని దాన్ని లాగి, కళ్లకద్దుకుని, పటం ముందు పెట్టి వచ్చి నొక్కింది.

ఇక తట్టడానికి నా సొంత డిస్కు తలుపే మిగిలింది. అది ఠక్కున తెరుచుకుంది.

చింతచిగురు తెర నిండా పరుచుకుంది. ఓబులేసు లేచి వచ్చి, తూనీగల్ని ఒక్కొక్కటే వేలితో చూపుకుంటూ చాలాసేపు చూశాడు.

"ఇట్లాంటిది నేను యాడా సూడలేదే. ఎవరు గీసినారు?"

అలవాటుకొద్దీ శేషగిరి నోరు తెరిచాడు.

"నేను గీసినా" అంది సత్యవేణి.

"అట్లయితే ఆ మూలన నీ పేరుండల్ల కదక్కా."

శేషగిరి నా వీపు వైపు తిరిగి తీగలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సత్యవేణి కుర్చీ జరుపుకుని కూర్చుంది. మూలన ఉన్న పేరును చెరపమంది. చెరిపివేత అంటే పొద్దుటినుంచీ అంత వణికిన నేను, ఆ నాలుగక్షరాల్నీ రెప్పపాటులో చెరిపేశాను.