గూడబాతులు వాలేదాకా

నేను ఒక దుర్భిణిని. పట్నంలో నన్ను బైనాక్యులర్స్ అనేవారు. దొరువుపాళెం వచ్చాక దుర్భిణినయ్యాను, ఆ పేరే నాకు నచ్చింది. రెండు కళ్ళున్నాయన్న మాటేగానీ, ఎవరో ఒకరు వచ్చి తమ కళ్ళు ఆనిస్తే తప్ప నాకు చూపు లేదు. అయినా గర్వానికేం తక్కువ లేదు. ఆమడ దూరాన ఉన్నదాన్ని ముక్కు ముందు పెడతానని మహా మిడిసిపాటు. అది ఎలా దిగిందో చెప్పడానికే ఈ సొదంతా.

పుట్టింది ఏదో చలిదేశపు ఫ్యాక్టరీలో. ఓడెక్కి మద్రాసు చేరాను. మొదటి యజమానికి గుర్రప్పందేల పిచ్చి. నాతో ఆయన గుర్రాలను చూసింది తక్కువ, ఎదురు గ్యాలరీలో బావమరిది ఎవరి పక్కన కూర్చున్నాడో చూసింది ఎక్కువ. ఆయన పోయాక పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుపోతుంటే, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సుందరేశం మాస్టారు నన్ను ఇంటికి తీసుకుపోయారు. నా అదృష్టం అక్కడ తిరిగింది.

ఏటా కార్తీకంలో మాస్టారు నన్ను మెడలో వేసుకుని నెల్లూరుకు దక్షిణాన ఉన్న దొరువుపాళేనికి వచ్చేవారు. ఊరికి తూర్పున సముద్రాన్ని ఆనుకుని కయ్య అనే లోతులేని ఉప్పునీటి మడుగు, పడమట వరిచేలు, మధ్యలో చెరువు. ఆ చెరువు నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్లు. పరజలు, నత్తగుల్ల కొంగలు, లకుముకులు... అబ్బబ్బ, గుర్రాలను చూసి చూసి విసిగిన నాకు అది పెళ్ళిభోజనం! గేదెలు మేపుకునే మస్తానమ్మ గట్ల వెంట ముందు నడిచి దారి చూపేది. మాస్టారు పుస్తకం తిరగేసేలోగా పిట్ట పేరూ, అది తినే చేప పేరూ చెప్పేసి, "ఇంకా దొరకలేదా సార్?" అని నవ్వేది. మోకాళ్ళు మొరాయించిన ఏడు ఆయన నన్ను ఆమె మెడలోనే వేసి వెళ్ళిపోయారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు వచ్చి చెరువులోని చెట్ల మీద వాలేదాకా ఎవరూ వరి విత్తనం నానబెట్టరు. పెద్దవాన వెళ్ళాకే అవి వస్తాయనీ, తొందరపడి చల్లితే మొలక కొట్టుకుపోతుందనీ నమ్మకం. వాలాయని చెప్పే పని మస్తానమ్మ ఇంటిది. తండ్రి తర్వాత ఆమెది.

ఆ తర్వాతి ఏడు స్వాతి కార్తె పోయింది, విశాఖ నడుస్తోంది. వానా లేదు, పక్షీ లేదు. ఊరిపెద్ద పెంచలయ్యకు అరికాళ్ళ కింద మంటలు. ఒక పొద్దున మస్తానమ్మ పాలు పితుకుతుంటే, వసారాలో ఉన్న నన్ను తీసుకుని చెరువుకట్ట ఎక్కాడు. కయ్య అవతలి దిబ్బ మీద నిజంగానే గూడబాతుల గుంపు ఉంది. మధ్యలో మన చెట్లున్నాయి. నేను నా విద్యంతా ఒలకబోసి రెంటినీ ఒకే వలయంలో, ఒకదానికొకటి అంటుకున్నట్టు చూపించాను.

"వాలినాయిరోయ్! చెట్ల మీదే ఉండాయి!" అని పెంచలయ్య ఒక్క కేక పెట్టాడు.

ఇక చూడండి. విత్తనాల బస్తాలు భుజాల మీద కాలవకు పరుగెత్తాయి. ఒకసారి నానిందంటే మళ్ళీ ఎండబెట్టి దాచుకునేది కాదు, రెండు మూడు రోజుల్లో చల్లి తీరాలి. మస్తానమ్మ చేతికంటిన పాలనురుగుతోనే వచ్చి, కాలవ ఒడ్డున ఉన్న బస్తా మీద చతికిలబడింది.

"యాడ జూసినావు మామా?"

"దుర్భిణిలో! నీకంటే ముందు నేను జూసినానని కుళ్ళా?"

"కుళ్ళెందుకు గానీ, రా, చెట్ల కిందికి పోదాం."

మోకాటి లోతు నీళ్ళలో ఆయన్ని లాక్కుపోయి కొమ్మల కింద నిలబెట్టింది. ఊరంతా కట్ట మీద నిలబడి చూస్తోంది. కాసేపయ్యాక అంది: "గూడబాతులే ఉంటే ఈపాటికి నీ తెల్లచొక్కా రెట్టతో అట్టలు కట్టుండేది గదా మామా? చూసుకో."

చొక్కా మల్లెపూవులా ఉంది. కట్ట మీద నవ్వులు. బస్తాలు ఇంటిదారి పట్టాయి. పెంచలయ్యవి రెండు అప్పటికే మునగడంతో ఆయన కోళ్ళకు వారం రోజులు పండగ. తప్పు ఆయనదన్నారు అందరూ. కాదు, నాదీ ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పెంచలయ్య మాత్రం పోతూ పోతూ ఒక మాటన్నాడు. "నీ మాట మీద ఆగతాండాం మస్తానమ్మా. అవి రాకుండా కార్తె దాటి అదను తప్పితే, నలభై ఇళ్ళోళ్ళు నీ గుమ్మం కాడికే వస్తారు."

"రానీ మామా," అంది ఆమె ధీమాగా. మళ్ళీ ఆమె మెడకు చేరి గుండె మీద వేలాడుతున్న నాకు తెలుసు లోపలి దడ ఎంతో.

నాలుగోనాడు వాయుగుండం పట్టింది. రెండు రోజులు కుంభవృష్టి. చేలన్నీ ఒకటే నీటిపలక. అప్పుడే చల్లి ఉంటే గింజ మిగిలేది కాదు. తెరిపిచ్చింది. పక్షులు మాత్రం రాలేదు.

"వాన బోయిందిగా, ఇంకా దేనికి?" అన్నారు జనం.

"ఇంకో వాన ఉండాదేమో. అవి వాలలా," అంది మస్తానమ్మ. మర్నాడే మరో జల్లు దబదబా కురిసి వెలిసింది. ఆ తర్వాత మూడు రోజులు ఎండ. కార్తె చివరికొచ్చింది. ఆమె అన్నం ముట్టడం మానేసింది.

చివరి రోజు పొద్దున ఊరు ఊరంతా కట్ట మీదికొచ్చింది. పెంచలయ్య ముందు నిలబడ్డాడు. ఆమె నన్ను కళ్ళకెత్తుకుంది. తూర్పున, ఎండ వెలుగులో, చుక్కల్లాంటివేవో కదిలాయి. పెద్దవయ్యాయి. అంతే, ఆమె కళ్ళలోంచి నా అద్దాల మీదికి వెచ్చటి నీళ్ళు జారాయి. నాకింకేం కనబడలేదు.

"ఏందిమే, వచ్చినాయా? చెప్పు!"

"తెలీదు మామా... అంతా మసగ్గా ఉండాది," అంది ఆమె వెక్కుతూ.

ఆ మాట పూర్తికాకముందే మా తలల మీదుగా బరువైన రెక్కల చప్పుడు సాగింది. కడప చెట్ల కొమ్మలు ఒక్కొక్కటే కిందికి వంగాయి. చిన్నాపెద్దా అందరూ తలలెత్తి, నోళ్ళు తెరిచి చూస్తున్నారు. పెంచలయ్య అందరికంటే ముందు చెప్పగలిగి కూడా ఈసారి కేక పెట్టకుండా మస్తానమ్మ వైపు తిరిగి, "నువ్వే చెప్పాల తల్లీ," అన్నాడు.

ఆమె నన్ను గట్టు మీద పెట్టి, పైటతో కళ్ళు తుడుచుకుని, గొంతెత్తి అరిచింది. "వాలినాయి! నానబెట్టుకోండి!"