దీని కోసం

ఆ బడిలో సైగల టీచరుని తీసుకున్నది ఒకే ఒక్క పిల్ల కోసం. ఆరో తరగతిలో చేరిన ఆ పిల్లకి చెవులు వినపడవు. చేతులు మాత్రం క్షణం ఊరుకోవు. అందుకే టీచరు దాన్ని పిడుగు అని పిలుచుకునేది. ఉద్యోగం ఆర్డరులో "అడ్‌హాక్" అని ఉంది. ఐదేళ్లయినా ఆ మాట వదల్లేదు. స్టాఫ్ రూములో ఒక సొరుగు అడిగినా, "మీరు అడ్‌హాక్ కదండీ" అనేవారు.

పిడుగు పదో తరగతి పరీక్షలు రాసేసింది. నెలాఖరుతో మీ పని సరి అని టీచరుకి ఉత్తరం వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని బల్లమీద పడేసింది.

"అడ్‌హాక్ అంటే ఆటలో అరటిపండన్నమాట, మావయ్యా!"

మావగారు కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఎవరన్నారమ్మా? అది లాటిన్. పూర్వం రోమన్లు మాట్లాడిన భాష. అడ్ అంటే కోసం, హాక్ అంటే ఇది. దీని కోసం, అంతే. ఫలానా పని కోసమని కమిటీ వేస్తే అది అడ్‌హాక్ కమిటీ. పనవగానే రద్దయ్యేది. దాంతో జనం ఆ మాటకి తాత్కాలికమనీ, ఏదో సర్దుబాటనీ అర్థం అంటగట్టారు. నువ్వు ఆ పిల్ల కోసం వెళ్లావు. పిల్ల గట్టెక్కింది. అరటిపండేమిటి నీ మొహం!"

టీచరుకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

మర్నాడు బడికొచ్చిన పిడుగు, టీచరు సంచిలో ఆ ఉత్తరం చూసింది. అడ్‌హాక్ మీద వేలుపెట్టి, ఏమిటిదని సైగ చేసింది.

"నేనొచ్చింది నీ కోసం అని," చేతులతోనే చెప్పింది టీచరు.

పిడుగు చేతులు వెంటనే ఆడాయి. "మరి వచ్చే నెల నించి ఎవరి కోసం?"

టీచరు ఉత్తరం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

సోమవారం పొద్దున్నే పిడుగు హెడ్మాస్టరు గదిలోకి దూసుకొచ్చింది. వెనకాల ఇద్దరు తల్లులు, చెరో ఐదేళ్ల పిల్లని వెంటేసుకుని. చెవి మిషన్లు సరిచేసే క్లినిక్కులో పరిచయమైనవాళ్లట. వినపడని పిల్లల్ని ఏ బడీ చేర్చుకోవడం లేదట. పిడుగు కాగితమ్మీద పెద్దక్షరాలతో రాసి ఆయన ముందు పెట్టింది: "పిల్లలున్నారు. టీచరూ ఉంది. ఇంకేం కావాలి సార్?"

హెడ్మాస్టరు కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత పెన్ను తీసి, పిల్లలిద్దర్నీ చేర్చుకుని టీచరుని కొనసాగించమని రాశారు.

టీచరు వరండాలో మోకాళ్లమీద కూర్చుని, పిల్లలిద్దరికీ "అమ్మ" అనే సైగ నేర్పించింది. చిన్నది గబుక్కున చేసేసి, వాళ్లమ్మ వైపు చూసింది. ఆ తల్లి పమిటతో కళ్లొత్తుకుంది.